రెండు తరముల కెమెరాలు

పల్నాటిసీమలో నరసరావుపేట పేరుగల పట్టణము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పుడు ఈ పట్టణమే దానికి ముఖ్యస్థానమైనది. అంతకు పదునొకండేండ్లకు పూర్వము, ఈ సీమ యింకను గుంటూరు జిల్లాలో భాగముగా నున్న కాలమున, ఇచ్చటి ఒక చిన్న ఫొటో స్టూడియోలో తండ్రికిని కుమారునికిని నడుమ ఒక వివాదము పుట్టెను. వివాదమునకు కారణము పొలము కాదు, పాలుపంపకము కాదు; ఒక కెమెరా.

తండ్రి ఫిల్ము కాలమునాటి మనిషి. చీకటిగదిలో ఎర్రదీపపు మసకవెలుగున, మందునీటి పళ్లెములో తెల్లకాగితమును ముంచి, దానిపై మనుష్యుల ముఖములు మెల్లమెల్లగా తేలివచ్చుట చూచుచు ఆయన యౌవనము గడచినది. కాలము మారగా ఆయనయు మారెను. 2008 ఆగస్టులో వెలువడిన నికాన్ డి90 అను డిజిటల్ కెమెరాను మరుసటి యేట కొనెను. రెండేండ్లలో ఆ కెమెరా ఎన్నియో పెండ్లిండ్లను, బారసాలలను, గృహప్రవేశములను చూచినది. ఆయన బొటనవ్రేలు ఆనుచోట దాని నల్లని పైతొడుగు అరిగి నునుపెక్కినది. రైతునకు ఎద్దు ఎట్టిదో ఆయనకు ఆ కెమెరా అట్టిది.

కుమారుడు చదువు ముగించి తండ్రికి చేదోడుగా నిలిచినవాడు. 2010 సెప్టెంబరులో అదే కంపెనీ డి7000 అను క్రొత్త కెమెరాను ప్రకటించెను. నాటినుండి ఆ యువకునికి నిదుర లేదు. పాతదాని బొమ్మలో చుక్కలు 1 కోటి 23 లక్షలు. క్రొత్తదాని బొమ్మలో 1 కోటి 62 లక్షలు. తక్కువ వెలుగులో పనిచేయు శక్తిని తెలుపు ఐ.ఎస్.ఓ. అంకె పాతదానికి మామూలుగా 3200 వరకు; క్రొత్తదానికి 6400 వరకు. ఈ అంకెలను అతడు ఎక్కములవలె అప్పగించుచుండెడివాడు.

“నాన్నా, పోయిన శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో తీసిన బొమ్మలు చూడుము. ఇసుక చల్లినట్లున్నవి. క్రొత్త కెమెరా యైనచో రాత్రియు పగటివలె కనబడును. అది లేకున్న రేపు పెండ్లివారు మన గడప త్రొక్కరు” అని అతడు పోరుపెట్టెను.

దాని ఖరీదు ఆ యింటికి పలునెలల రాబడి. అంత సొమ్ము చేతిలో లేదు. వంటయింటి గడపలో నిలిచి ఈ మాటలు వినుచున్న తల్లి, చేతి బంగారుగాజులు నాలుగును తీసి బల్లపై పెట్టెను. “బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చుకొమ్ము, నాయనా. బిడ్డ పనికి రాని బంగారము నాకెందులకు?” అనెను.

తండ్రి ఆ గాజులవంక చాలసేపు చూచెను. కొనవలదని ఆయన అనలేదు; కొనుమనియు అనలేదు. “ఈ గాజులు బల్ల దాటుటకు ముందు, ఆ కెమెరా దీనికంటె ఎంత మేలో మన కన్నులతో చూడవలెను. అంకెలు చెప్పుట అమ్మువాని పని, తూచి కొనుట మన పని” అనెను.

గుంటూరులోని ఒక మిత్రుడు అప్పటికే డి7000 కొనియుండెను. ఆయన శివరాత్రి వారములో నాలుగు దినములకు దానిని ఎరువిచ్చెను. కెమెరా ఇంటికి రాగానే కుమారుడు పాతదానికి పాతలెన్సును, క్రొత్తదానికి దానితో వచ్చిన క్రొత్తలెన్సును తగిలించి బొమ్మలు తీయబోయెను. తండ్రి వారించెను.

“ఆగుము, అబ్బాయీ. మనది కోడిపందెముతో చెడిన సీమ” అనెను.

ఆ కథ పల్నాటి బిడ్డలందరును ఎరిగినదే. పండ్రెండవ శతాబ్దమున గురజాల పక్షమునకును మాచెర్ల పక్షమునకును కోడిపందెము జరిగినదని చెప్పుదురు. ఒకవైపు నాయకురాలు నాగమ్మ, మరియొకవైపు బ్రహ్మనాయుడు. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. మాచెర్లవారు ఓడి వలసపోయిరి. ఆ గెలుపు న్యాయముగా వచ్చినది కాదని వీరగాథ చెప్పువారు నేటికిని చెప్పుచున్నారు. గడువు తీరినను రాజ్యము తిరిగి రాలేదు. తుదకు కారెంపూడి రణభూమిలో ఇరుపక్షముల వీరులును నేలకొరగిరి. పందెములో నియమము తప్పినదన్న అనుమానము మిగిలినచోట తీర్పు నిలువదు. ఓడినవాడు ఒప్పుకొనడు, గెలిచినవానికిని మనశ్శాంతి యుండదు. తండ్రి మాటలోని భావ మిదియే.

అంతట ఇరువురును కూర్చుండి కాగితముపై నియమములు వ్రాసికొనిరి. రెండు కెమెరాలకును ఒక్కటే లెన్సు వాడవలెను. ఒకే కంపెనీవి గనుక ఒకదాని లెన్సు రెండవదానికి అమరును. రెండింటిని ఒకే మూడుకాళ్ల స్టాండుపై ఒకే చోట నిలుపవలెను. లెన్సులోని రంధ్రము, షట్టరు తెరచియుండు కాలము, ఐ.ఎస్.ఓ. అంకె, ఈ మూడును రెండింటికిని సమానముగా నుండవలెను. తీసిన బొమ్మలను కెమెరా తనకు తోచినట్లు దిద్దరాదు. దిద్దని ముడిరూపమున, అనగా రా ఫైలుగా, దాచవలెను. పిదప రెండింటిని కంప్యూటరులో ఒకే తీరున దిద్దవలెను. తుదకు, ఏ బొమ్మ దేనిదో తెలియని మనిషి తీర్పు చెప్పవలెను. ఆ మనిషి తల్లియే యని ఇరువురును ఒప్పుకొనిరి. గాజులు ఆమెవే కదా!

ఈ నియమముల అర్థము తెలియవలెనన్న కెమెరా లోపల జరుగునది కొంత తెలియవలెను. ఎస్.ఎల్.ఆర్. అను జాతి కెమెరాలో లెన్సు వెనుక ఒక అద్దము ఏటవాలుగా నుండును. లెన్సునుండి వచ్చు వెలుగును అది పైకి మరల్చి చూచువాని కంటికి చేర్చును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును; షట్టరు తెరచుకొనును; వెలుగు తిన్నగా పోయి వెనుకనున్న సెన్సారుపై పడును. పూర్వము ఫిల్ము ఉండిన చోట ఇప్పుడు సెన్సారు ఉండును.

ఈ సెన్సారు కథ మిక్కిలి పాతది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు సి.సి.డి. అను పరికరమును కల్పించిరి. పడిన వెలుగును విద్యుత్తుగా మార్చి పట్టియుంచుట దాని గుణము. అందులకు 2009లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానములో సగము వారిరువురికి లభించెను. 1975లో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ అట్టి పరికరముతో తొలి డిజిటల్ కెమెరాను కూర్చెను. దాని బొమ్మలో చుక్కలు పదివేలు మాత్రమే. ఒక్క బొమ్మను టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెడిది. డి90లోను డి7000లోను ఉండునది సిమాస్ అను వేరొక రకపు సెన్సారు. ఐనను వెలుగును పట్టి కొలుచుటయే దాని పనియు.

ముంగిటిలో కోటి చిన్న ముంతలను వరుసలుగా పేర్చినట్లు ఊహింపుడు. పైనుండి వెలుగు వానవలె కురియుచున్నది. షట్టరు తెరచియున్నంతసేపు వాన పడును. అది మూసికొనగానే ప్రతి ముంతలోను ఎంత నీరు చేరినదో కొలిచి వ్రాసికొనవలెను. ఆ కొలతల పట్టికయే బొమ్మ. వెలుగున్నచోట ముంత నిండును. చీకటియున్నచోట నాలుగు చినుకులు మాత్రమే పడును.

ఇందు రెండు చిక్కులున్నవి. మొదటిది వానలోనే కలదు. చినుకులు లెక్కపెట్టుకొని పడవు. ఒకే మబ్బు క్రింద ప్రక్కప్రక్కనున్న రెండు ముంతలలో ఒకదానిలో కొన్ని ఎక్కువగాను, ఒకదానిలో కొన్ని తక్కువగాను పడును. సగటున పదివేల చినుకులు పడుచోట ఆ హెచ్చుతగ్గు సుమారు నూరు. అనగా నూటికి ఒకటి. అది కంటికి తెలియదు. సగటున నూరు చినుకులే పడుచోట హెచ్చుతగ్గు పది. అనగా నూటికి పది. ఇది కంటికి కొట్టవచ్చినట్లు కనబడును. సగటునకు వర్గమూలమెంతయో హెచ్చుతగ్గు అంతయని గణితము చెప్పుచున్నది. చీకటిలో తీసిన బొమ్మ ఇసుక చల్లినట్లుండుటకు ఇదియే కారణము. దీనిని ఛాయాగ్రాహకులు నాయిస్ అందురు.

రెండవ చిక్కు కొలుచు సాధనములోనిది. మిరపకాయల బస్తాను కాటాపై తూచునప్పుడు ముల్లు కొంచెము వణకినను నష్టము లేదు. ఆ కాటాపైననే గురివింద గింజయెత్తు బంగారమును తూచినచో, ముల్లు వణకులో బంగారము మునిగిపోవును. బొమ్మలో వెలుగుగల భాగములు బస్తావంటివి. నీడలు గురివింద గింజవంటివి. కొలుచు సాధనము నిలుకడ లేనిదైనచో మొదట నష్టపడునవి నీడలే.

చుక్కల సంఖ్య సంగతి కూడ కుమారుడు కాగితముపై లెక్కవేసి చూచెను. డి90 బొమ్మ వెడల్పు 4,288 చుక్కలు, ఎత్తు 2,848 చుక్కలు. డి7000 బొమ్మ వెడల్పు 4,928, ఎత్తు 3,264. మొత్తము చుక్కలలో 39 లక్షల భేదమున్నను, వెడల్పులో పెరిగినది 640 చుక్కలే. అనగా నూటికి పదునైదు. పొలము వైశాల్యము మూడవవంతు పెరిగినను గట్టు పొడవు అంత పెరుగదు. ఇంతకాలము తాను గొప్పగా చెప్పిన అంకె ఇంత చిన్నదగుట చూచి అతడు కొంచెము తగ్గెను. చుక్కకు చుక్కను పోల్చుట సరికాదనియు, ఒకే కొలత కాగితముపై రెండింటిని అచ్చువేసి కాగితమునకు కాగితమును పోల్చవలెననియు అతడే ఒక నియమమును చేర్చెను.

మొదటి దినమున ఉదయము ఇరువురును ఊరి వెలుపలి మిరపకల్లమునకు పోయిరి. ఆ నెలలలో పల్నాటి కల్లములు ఎర్రతివాచీలు పరచినట్లుండును. లేత యెండ అంతటను సమముగా పడుచుండెను. ఐ.ఎస్.ఓ. 200 వద్ద రెండు కెమెరాలతోను బొమ్మలు తీసి, పండ్రెండంగుళముల ఎత్తు, పదునెనిమిదంగుళముల వెడల్పుగల కాగితములపై అచ్చువేసిరి. తండ్రి కాగితముల వెనుక గురుతులు పెట్టి తల్లి చేతికిచ్చెను. ఆమె కన్నులజోడు సవరించుకొని, తిప్పితిప్పి చూచి, “రెండును ఒక్కటే కదా! ఒక బొమ్మను రెండుమారులు అచ్చువేసి నన్ను పరీక్షించుచున్నారా?” అనెను. పుష్కలముగా వాన కురిసినచోట ఏ ముంతయైనను నిండును. మంచి వెలుగులో రెండు తరములకును భేదము కనబడలేదు.

రెండవది కోటప్పకొండ పరీక్ష. కుమారుని ఆశయంతయు దానిపైననే యుండెను. నరసరావుపేటకు సమీపముననున్న ఆ కొండకు త్రికూటమని పేరు. ఎచ్చటనుండి చూచినను మూడు శిఖరములు కనబడునని భక్తులు చెప్పుకొందురు. మహాశివరాత్రినాడు చుట్టుప్రక్కల గ్రామములవారు మేడలకంటె ఎత్తైన ప్రభలను కట్టి, వేలకొలది విద్యుద్దీపములతో అలంకరించి, త్రికూటేశ్వరుని సన్నిధికి తెత్తురు. ప్రభపైని దీపములు కన్నులు జిగేలుమనిపించును. ప్రభ క్రింద నడచు మనుష్యుల ముఖములు సగము చీకటిలో నుండును. కెమెరాకు ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు.

జనసమ్మర్దములో స్టాండును కాపాడుకొనుచు, ఐ.ఎస్.ఓ. 3200 వద్ద, ఒకే ప్రభను రెండు కెమెరాలతోను వెంటవెంటనే తీసిరి. అర్ధరాత్రి దాటిన పిదప ఇంటికి వచ్చి, నిదుర మాని అచ్చువేసిరి. తల్లి రెండు కాగితములను దీపము క్రింద పెట్టి చూచెను. కొంతసేపటికి ఒకదానిని చూపి, “ఇది రవంత నునుపుగా నున్నది. అడిగితిరి గనుక చెప్పితిని, లేకున్న నేను గమనింపను” అనెను. ఆమె చూపినది డి7000 బొమ్మయే. భేదము కలదు, కాని కుమారుడు కలగన్నంత లేదు.

అతడు ఖిన్నుడై కూర్చుండెను. తండ్రి ఓదార్చెను. “ఇందు క్రొత్తదాని తప్పేమియు లేదు, నాయనా. రెండు సెన్సారులును ఇంచుమించు ఒకే కొలతవి. ఆ రాత్రి వాటిపై పడిన వెలుగు రెండింటిపైనను ఒక్కటే. వానయే లేనప్పుడు మంచి ముంత మాత్రము ఏమి చేయగలదు?” అనెను. నిజమే. రాత్రివేళ మిక్కుటమగు లోపము వెలుగు కొరతది. దానిని తీర్చునవి పెద్ద రంధ్రముగల లెన్సు, వణకని చేయి, అవసరమైనచోట మరియొక దీపము. కెమెరా తరము మారినంతమాత్రమున రాత్రి పగలు కాదు.

మూడవ దినమున కెమెరాను తిరిగి ఇచ్చివేయుదమని కుమారుడు అనెను. తండ్రి ఒప్పుకొనలేదు. “మనము అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చినది. అడుగని ప్రశ్న ఏదైన మిగిలినదేమో చూతము” అని అతనిని పిడుగురాళ్లకు తీసికొనిపోయెను. పిడుగురాళ్ల సున్నమునకు ప్రసిద్ధి. నడిపగటి యెండలో సున్నపుగుట్ట కన్నులు మూయించునంత తెల్లగా మెరయుచుండెను. దాని ప్రక్కనే రేకులపాక. పాకలోపల దట్టమైన నీడలో ఒక కూలిస్త్రీ సద్దిమూట విప్పుకొని కూర్చుండియుండెను. తండ్రి ఆమె యనుమతి అడిగి, గుట్టయు పాకయు ఒకే బొమ్మలో వచ్చునట్లు స్టాండు నిలిపెను.

ఇచ్చట చిక్కు మరియొక విధమైనది. సున్నము తెలుపు చెడకుండవలెనన్న షట్టరు కొద్దికాలమే తెరువవలెను. లేకున్న ముంతలు నిండి పొర్లును. పొర్లిన నీటిని తిరిగి ఎత్తుట ఎవరి తరమును కాదు. షట్టరు కొద్దికాలమే తెరచినచో పాకలోని ముంతలలో కొద్ది చినుకులే పడును. ఐ.ఎస్.ఓ. 200, రంధ్రము ఎఫ్/8, కాలము సెకనులో 1000వ వంతు. రెండు బొమ్మలలోను సున్నము చక్కగా వచ్చెను. పాక లోపల మాత్రము బొగ్గువలె నల్లగా నుండెను.

సాయంకాలము కంప్యూటరు ముందు కూర్చుండి నీడను నాలుగు మెట్లు వెలిగించిరి. ఒక మెట్టనగా వెలుగును రెట్టింపు చేయుట. నాలుగు మెట్లనగా పదునారు రెట్లు. పాత కెమెరా బొమ్మలో ఆ స్త్రీ యున్నచోట ఊదా, ఆకుపచ్చ మచ్చలు తేలెను. ముఖ మెచ్చటనో, గోడ యెచ్చటనో తెలియరాలేదు. క్రొత్త కెమెరా బొమ్మలో మెల్లమెల్లగా ఆమె నుదుట బొట్టు కనబడెను. పిదప కన్నులు, చేతిలోని ముద్ద, చీరయంచు కనబడెను. పూర్వము చీకటిగదిలో మందునీటినుండి ముఖములు తేలివచ్చినట్లే వచ్చెను. తండ్రి కుర్చీనుండి లేచి నిలువబడెను.

కారణము కొలుచు సాధనములోనిది. డి90 ప్రతి ముంతలోని నీటిని 4,096 మెట్లలో కొలుచును. డి7000 16,384 మెట్లలో కొలువగలదు. మెట్లు పెంచినంతనే చాలదు. ముల్లు వణకు తగ్గనిచో ఎన్ని గీతలు గీసినను వ్యర్థము. రెండేండ్ల కాలములో ఆ సెన్సారు చేసినవారు సాధించినది ముఖ్యముగా ఆ వణకును తగ్గించుటయే. గురివింద గింజయెత్తు వెలుగును తూచగల త్రాసును వారు చేసిరి.

తల్లి వచ్చి చూచినది. ఈమారు తిప్పిచూచుట లేదు, ఆలోచించుట లేదు. “ఈ బొమ్మలో ఆ తల్లికి కన్నులున్నవి. ఆ బొమ్మలో లేవు” అనెను.

తండ్రి మారుమాటాడక లోపలికి పోయి ఒక పటమును తెచ్చెను. 2009 వేసవిలో బంధువుల పెండ్లిలో తీసిన బొమ్మ అది. మిట్టమధ్యాహ్నపు ముహూర్తము. పందిరి వెలుపల యెండ మండుచుండెను. పందిరి మూల నీడలో ఆయన తల్లి చాపపై కూర్చుండియుండెను. వధూవరుల ముఖములు వెలుగులో చక్కగా వచ్చినవి. ముసలమ్మ ముఖము నల్లబడినది. వెలిగించి అచ్చువేసినందున మచ్చలు తేలినది. ఆ యేటి సంక్రాంతి చూడకయే ఆమె పోయినది. ఆమెకు అదియే కడపటి బొమ్మ.

“ఆనాడు ఈ క్రొత్త కెమెరా ఉండియున్న నాయనమ్మ ముఖము నిలిచెడిది కదా, నాన్నా!” అని కుమారుడు మెల్లగా అనెను.

తండ్రి కొంతసేపు ఊరకుండి, “నిలిచెడిది. కాని ఆనాడు ఒక తెల్లపంచెను ఎండలో పట్టించి, ఆ వెలుగును ఆమెవైపు మరల్పించినను నిలిచెడిది. నేను పెండ్లికూతురి నగలు చూచితిని. మా అమ్మ ముఖము చూడలేదు. ఆ లోపము కెమెరాది కాదు” అనెను.

ఆ రాత్రి తీర్పు జరిగినది. క్రొత్త కెమెరా మేలైనదే. కుమారుడు చెప్పిన కారణమున కాదు. అతడు చెప్పని కారణమున. రాత్రి తిరునాళ్లకు దాని మేలు స్వల్పము. మధ్యాహ్నపు పెండ్లిపందిళ్లకు దాని మేలు అధికము. పల్నాటిలో వేసవి ముహూర్తములు ఎన్నియో పట్టపగలే. కావున దానిని కొనవలసినదే. ఐనను నేడే, గాజులు తాకట్టుపెట్టి, కొననక్కరలేదు. తండ్రి గాజులను బల్లపైనుండి తీసి భార్య చేతికిచ్చెను. నాలుగవ దినమున కుమారుడు గుంటూరు పోయి మిత్రుని కెమెరాను అప్పగించి వచ్చెను.

ఆ వేసవి పెండ్లిండ్లన్నిటికిని వారు పాత డి90తోనే పోయిరి. ఒక తెల్లపంచెను మాత్రము మరువక తీసికొనిపోయిరి. కుమారుడు పందిరి మూలలలో కూర్చున్న ముసలివారిని వెదకి, వారివైపు పంచెను పట్టెడివాడు. తండ్రి మీట నొక్కెడివాడు. ఆ యేడు ఆల్బములు చూచిన పెండ్లివారు, “మా అమ్మమ్మను ఎంత చక్కగా తీసినారు!” అని మెచ్చుకొనిరి. కెమెరా పేరు ఎవ్వరును అడుగలేదు. మరుసటి యేట, కూడబెట్టిన సొమ్ముతో డి7000 ఆ స్టూడియోకు వచ్చెను. తెల్లపంచె కూడ దానితోపాటు నిలిచెను.

అటుపిమ్మట కాలము మరియు మారినది. ఆ రెండు కెమెరాలును నేడు తయారగుట లేదు. 2018లో అదే కంపెనీ లోపల అద్దము లేని పెద్దసెన్సారు కెమెరాలను వెలువరించెను. ఎస్.ఎల్.ఆర్. జాతియే వెనుకబడినది. స్టూడియో నేడు కుమారుని చేతిలో నున్నది. అతని చేతిక్రింద పనిచేయు కుర్రవాడు క్రొత్త క్రొత్త అంకెలను ఎక్కములవలె అప్పగించుచుండును. అతడు నవ్వి, “రెండింటికిని ఒకే లెన్సు తగిలించి చూచితివా?” అని అడుగుచుండును.

ముసలమ్మ బొమ్మ కథ ఇంకొకటి మిగిలినది. నెగటివును పారవేయరాదన్నది ఫిల్ము కాలపు నియమము. ఆ యలవాటుననే తండ్రి 2009 పెండ్లి రా ఫైలులను జాగ్రత్తగా దాచియుంచెను. మచ్చలను తొలగించు నేర్పు కంప్యూటరు ప్రోగ్రాములకు ఏటేట పెరుగుచు వచ్చినది. కుమారుడు ఇటీవల ఆ పాత ఫైలును తెరచి క్రొత్త ప్రోగ్రాములో దిద్దెను. మచ్చలు చాలవరకు పోయినవి. అచ్చుపటము చేతికి రాగా, వృద్ధుడైన తండ్రి దానిని చాలసేపు చూచెను. ముఖమంతయు స్పష్టము కాలేదు. ముక్కుపుడక మాత్రము తళుక్కుమనుచున్నది. ఆ పాత కెమెరా పట్టినది ఇంత ఉన్నదని ఆయనకు అంతవరకు తెలియదు.

“మాచెర్ల ప్రక్కన నాగార్జునకొండ లోయయంతయు నేడు నీటిలో నున్నది. సాగరు జలాశయము నిండకముందు, 1954 మొదలు 1960 వరకు, అచ్చట త్రవ్వకములు జరిగినప్పుడు నలుపుతెలుపు ఫొటోలు తీసిరి. నేటి కెమెరాలతో పోల్చినచో ఆనాటి సాధనములు ఏపాటివి? ఐనను నేటి కెమెరా ఏదియు ఆ లోయను మరల తీయజాలదు” అని ఆయన కుమారునితో అనెను.

క్రొత్త తరపు సాధనము పాతదానికంటె మేలుగానే యుండును. ఆ మేలు ఎంతయో, ఏ పనికో సరితూచి తెలిసికొనవలెను. తెలిసికొనులోపల చేతనున్న సాధనముతో నేటి పనిని నేడే చేయవలెను. నరసరావుపేటలోని ఆ స్టూడియో గోడకు నేడు రెండు పటములు ప్రక్కప్రక్కన వ్రేలాడుచున్నవి. ఒకటి పిడుగురాళ్ల పాకలోని స్త్రీది. ఒకటి పందిరి మూలనున్న ముసలమ్మది. ఒకటి క్రొత్త కెమెరా తీసినది, ఒకటి పాత కెమెరా తీసినది. వచ్చినవారు ఏ బొమ్మ చక్కగా వచ్చినదని అడిగిన, ఆ యింటి తల్లి మొదటిదానిని చూపును. ఏ బొమ్మ కావలెనని అడిగిన రెండవదానిని చూపును. చూపు చేతికి గాజులు నాలుగును ఉన్నవి.